రోగిశయ్యయొద్ద గ్రంథపఠనము

"వదినా! మంచమ్మీద ఉన్న మనిషికి చావు కథలు చదివి వినిపిస్తావా? అమ్మకి భాగవతం చదువు, సుందరకాండ చదువు. ఈ నవలలెందుకు?" అని మా యాడుబిడ్డ యొకనాటి సాయంకాలము మమ్ము నిలువబెట్టి యడిగెను. ఆమె యడిగినది తల్లిమీది ప్రేమచేతనే గాని మాపై కోపముచేత గాదు. అప్పుడు మేము బదులు చెప్పలేకపోతిమి. రెండేండ్లు కడచిన పిదప ఆ బదులును సోదరీమణుల యెదుట నిప్పుడు చెప్పుకొనుచున్నాము.

మాది పరుచూరు, చిలకలూరిపేటల నడుమ నల్లరేగడి నేలలలో నున్న యొక పల్లె. కార్తికమాసము మొదలు పత్తితీత, సంక్రాంతి దాటగానే మిరపకోత. ఆ నాలుగు మాసములును మా యూరి స్త్రీలకు తల దువ్వుకొన తీరిక యుండదు. మావారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినది స్వల్పము. మా తాతగారు అరుగుమీద కూర్చుండబెట్టి అమరమును, ఆంధ్రనామ సంగ్రహమును వల్లె వేయించి, పోతన్నగారి భాగవతమును, తిక్కన్నగారి విరాటోద్యోగ పర్వములను చదివించిరి. నవల యనిన నాయనకు గిట్టదు. కావున నవలలును, స్వీయచరిత్రములును మాకు పరిచయమైనది అత్తవారింటికి వచ్చిన పిమ్మటనే. మావారు బడి గ్రంథాలయమునుండి తెచ్చినవి కొన్ని, సెలవులలో చీరాల బంధువుల యింటికి పోయినపుడు వేటపాలెము సారస్వత నికేతనమున కూర్చుండి చదివినవి కొన్ని. ఆ నికేతనము 1918లో స్థాపింపబడినది. 1929లో దాని భవనమునకు గాంధీ మహాత్ముడు శంకుస్థాపన చేసెను. మా ప్రాంతమున పుస్తకము ఇంటివాకిటికి నడచి వచ్చిన కాలము కూడ కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి కాలువమీద పడవలో గ్రంథములు వేసి తీరగ్రామముల వారికి పంచిపెట్టిరి. ఆ పడవ మాట తలచుకొన్నపుడెల్ల మాకు ముచ్చట కలుగును.

ఇక మా యింటి సంగతి. రెండేండ్ల క్రిందట మాఘమాసమున మా యత్తగారికి కడుపునొప్పి మొదలయ్యెను. కల్లమునిండ మిరపకాయలు ఎండబోసి యున్న దినములగుటచే, ఆ ఘాటునకే అన్నము రుచింపలేదని వారును, మేమును అనుకొంటిమి. గుంటూరు తీసికొనిపోయి పరీక్షలు చేయించగా క్లోమమునందు క్యాన్సరు అని తేలెను. వైద్యుడు మావారిని వేరుగా పిలిచి, ఇది మాసముల మాట గాని సంవత్సరముల మాట కాదని చెప్పెను. ఇంటికి వచ్చిన నాటి రాత్రి కొడుకులు, కోడండ్రు, కూతురు చేరి యోచించి, అమ్మకు కడుపులో పుండని మాత్రము చెప్పవలెనని నిశ్చయించితిమి. ఆ నిశ్చయమున మేమును పాలు పంచుకొంటిమి. మన యిండ్లలో నిది క్రొత్త యాచారము గాదు.

మంచము ప్రక్కను మేము మొదట చదివినది గజేంద్రమోక్షమే. నాలుగవ దినమున అత్తగారు కన్నులు మూసికొనియే, "ఏనుగు కథ నాకు కంఠతా వచ్చు అమ్మాయ్. మనుషుల కథ ఏదన్నా ఉంటే చదువు" అనిరి. వారు అయిదవ తరగతివరకు చదివినవారు; చూపు మందగించిన తర్వాత చదువు మానిరి. మా యాడుబిడ్డకు మేమానాడు చెప్పలేకపోయిన బదులులో మొదటి భాగ మిది. కోరినవారు రోగియే.

మేము మొదట నెన్నుకొన్నది టంగుటూరి ప్రకాశము పంతులుగారి "నా జీవిత యాత్ర". అత్తగారి పుట్టినిల్లు ఒంగోలు ప్రక్క నగుటచే ఆ యూళ్ళ పేర్లు వినిన వారి ముఖము వికసించునని మా యాశ. పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెమున పుట్టిరి. పదునొకండవయేట తండ్రి పోయెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, పూటకూళ్ళ యిల్లు నడిపి వారిని చదివించెను. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను నుపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి రాజమహేంద్రవరము తీసికొనిపోయి చదువు చెప్పించెను. ఈ ఘట్టము చదువునపుడు మావారు చాటుగా కండ్లు తుడుచుకొనిరి. ఉపాధ్యాయులకు అట్టి కథలు వినిన గర్వము కలుగుట సహజమే గదా!

అత్తగారు మాత్రము ఉపాధ్యాయుని మాట వినిపించుకొనలేదు. "పూటకూళ్ళిల్లు పెట్టిన ఆవిడ పేరేంటి?" అని యడిగిరి. సుబ్బమ్మగారని చెప్పితిమి. "పూటకి పాతికమంది తిన్నా యాభై విస్తళ్ళు. ఒంగోల్లో మంచినీళ్ళు ఎక్కణ్ణించి మోసుకొచ్చిందో! ఆ కొడుకు మంత్రి అయ్యేదాకా ఎవరికన్నా ఆవిడ పేరు తెలుసంటావా?" అనిరి. మేము చిరునవ్వు నవ్వి యూరకుంటిమి. అప్పటికి ఆ ప్రశ్న వెనుక నేమున్నదో మాకు తెలియదు.

ఆ తరువాత వీరేశలింగము పంతులుగారి "స్వీయ చరిత్రము" కొంత చదివితిమి. దాని మొదటి భాగము 1911లోను, రెండవది 1915లోను వెలువడినవి. ఆరవ నెలలో మశూచి సోకి బ్రతికిన బిడ్డ. నాలుగవయేట తండ్రిని పోగొట్టుకొన్నవాడు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగినపుడు వంటవారును, నీళ్ళవారును మానుకొనగా రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు తెచ్చి వండి పెట్టిరి. ఆమె 1910లో దివంగతురాలైనది. అనగా భర్త వ్రాసిన చరిత్ర గ్రంథరూపమున వచ్చుటకు పూర్వమే పోయినది. ఈ మాట చెప్పగా అత్తగారు, "చదువుకోకుండానే పోయిందన్నమాట" అని నిట్టూర్చిరి. పంతులుగారి వాదప్రతివాదములు, వ్యాజ్యెముల పుటలు వారికి నిద్ర తెప్పించినవి. రోగికి నిద్ర పట్టుట కూడ మేలే గావున మేము నొచ్చుకొనలేదు.

ఇచ్చట నొక గ్రంథకర్తను గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. ఆయన మన గుంటూరు సీమవాడు. ఆయనను గ్రంథకర్తగా తీర్చినది రోగశయ్యయే. తెనాలికి చెందిన ఆలూరి వెంకట సుబ్బారావుగారు, అనగా లోకమెరిగిన చక్రపాణిగారు, 1932లో క్షయవ్యాధి సోకి మదనపల్లె దగ్గరి శానిటోరియమున చేరిరి. ఆ కాలమున క్షయకు ఔషధము లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవరకు మంచిగాలి, మంచి తిండి, మంచముమీది విశ్రాంతి, ఇవియే చికిత్స. పనియేమియు చేయరాదు, గట్టిగా మాటలాడుట కూడ కూడదు. అట్లు పడియున్న ఆరునెలలలో నాయన తోటి రోగియైన యొక పండితునివద్ద వంగభాష నేర్చిరి. లేచి వచ్చిన తరువాత "దేవదాసు" మొదలగు శరత్ బాబు నవలలను తెలుగు చేసిరి. ఆ తెలుగెంత తెలుగనగా, శరత్ బాబు తెలుగువాడే యనుకొన్న పాఠకులు పెక్కుమంది యుండిరట. ఆ పిదప "యువ" మాసపత్రిక, 1947లో నాగిరెడ్డిగారితో కూడి "చందమామ", చలనచిత్రములు, ఇవన్నియు లోకవిదితములే. ఆ ఆరుమాసముల మంచమే లేకున్న మన తల్లులు, అమ్మమ్మలు పార్వతికొరకు కన్నీరు కార్చియుందురా యని మేము పలుమార్లు తలంచితిమి.

శానిటోరియములను గూర్చి యింకొక విశేషము కూడ తెలిసికొనదగినది. మద్రాసున 1956లో నేర్పడిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రమువారు, మందులు క్రమముగా మ్రింగినచో ఇంటిలో నుండి చికిత్స పొందినవారును, శానిటోరియమున నున్నవారితో సమానముగా కోలుకొందురని 1959లో ప్రకటించిరి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నున్న బీదవారి విషయముననే యీ సంగతి తేలినది. అటుపై ప్రపంచమంతట క్షయరోగి మంచము కొండలమీది శానిటోరియమునుండి ఇంటి వసారాలోనికి దిగి వచ్చెను. బీదవారికి గొప్ప యుపకారమే. అయితే ఆ వసారాలో పాలు కాచినది, పాత్రలు వేరు చేసినది, మాత్ర మ్రింగువరకు ఎదుట నిలిచినది ఎవరో మనకు చెప్పనక్కరలేదు.

"దేవదాసు"ను చదువునపుడే మావలన నొక తప్పు జరిగెను. కడపటి ప్రకరణము వచ్చునప్పటికి మాకు గొంతు పెగలలేదు. కాలేయము చెడి, జ్వరముతో, పార్వతి యూరికి బండిమీద పోవుచున్న ఆ మనుష్యుని యవస్థను మంచముమీది మనిషి యెదుట నెట్లు చదువుదుము? రెండు కాగితములొకమారు త్రిప్పి, కథ ముగిసినట్లు నటించితిమి. అత్తగారు పక్కున నవ్విరి. నవ్వినందుకు నొప్పి వచ్చి, నొప్పితోనే నవ్విరి. "ఓసి పిచ్చిదానా! నాగేశ్వరరావు సినిమా టెంటు హాల్లో మూడుసార్లు చూశానే. వాడు చస్తాడని నాకు తెలీదా? మింగిన కాగితాలు కక్కు" అనిరి. తిరిగి చదివితిమి. చివరి రాత్రి రావిచెట్టు క్రింద రోగిని విడువక కూర్చున్న బండివాని సంగతి రాగానే వారి ప్రశ్న సిద్ధముగా నుండెను: "ఆ బండివాడి పేరేంటి?" పుస్తకమున పేరు లేదు. "చూశావా! పార్వతి పేరుంది, చంద్రముఖి పేరుంది. పక్కన కూర్చున్నవాడికి పేరు లేదు" అనిరి.

మేము చిన్ననాడు యక్షప్రశ్నలు కంఠస్థము చేసినవారము. ఆ కథ వచ్చునది అరణ్యపర్వములో. నన్నయ విడిచిన దానిని పూర్తిచేసిన ఎఱ్ఱాప్రగ్గడ మన యద్దంకి రెడ్డిరాజు కొలువులోని కవియే. ఇంటనున్నవానికి మిత్రమెవరు, రోగికి మిత్రమెవరు, చనిపోవువానికి మిత్రమెవరు అని యక్షుడడిగిన, ధర్మరాజు క్రమముగా భార్య, వైద్యుడు, దానము అని బదులు చెప్పెను. పది పండ్రెండేండ్ల వయసున నిది యెంత చక్కని జవాబని మురిసితిమి. ఇప్పుడు, నడిరాత్రి వేడినీళ్ళ సంచి నింపుచు, రోగి ప్రక్కను కూర్చున్న యాడుదానికి మిత్రమెవరని యక్షుడేల యడుగలేదో యనుకొంటిమి. ధర్మరాజు తప్పు కాదు. ప్రశ్నయే రాలేదు.

తరువాతి పుస్తకము రంగనాయకమ్మగారి "బలిపీఠము". దీనిని 1975లో చలనచిత్రముగా తీసినందున పెక్కుమంది యెరుగుదురు. మృత్యుముఖముననున్న అరుణ యను వితంతువు, సుమంగళిగా చనిపోవలెనని కోరగా, హరిజనుడైన భాస్కరుడు జాలితో నామెను పెండ్లాడును. చిత్రమేమన, ఆమె కోలుకొనును! కోలుకొన్న పిదప కులము, అహంకారము, పుట్టింటి మాటలు ఒక్కొక్కటిగా మరల తల యెత్తును. చావు కథ యని మా యాడుబిడ్డ యాక్షేపించిన పుస్తకమిదియే. నిజమునకిది బ్రతుకు కథ. రోగము ముదిరినపుడు మనుష్యులందరు మంచివారగుదురు. పథ్యము విడిచిన మరునాటినుండియే పాత లెక్కలు బయటికి వచ్చును. అత్తగారు దీనిని మిక్కిలి శ్రద్ధగా వినిరి. "లేచి కూర్చున్నాకే అసలు రోగం తెలిసేది" అని వారనిన మాటకు మేమును, పాలు పోయవచ్చిన పొరుగింటి యామెయు నవ్వితిమి. అరుణమీద మాకున్నంత కోపము వారికి లేకుండెను. నేర్చినదానిని విడుచుట యెంత కష్టమో డెబ్బదేండ్లకు చేరువయైన వారికి మాకంటె నెక్కువగా తెలియును గాబోలు.

ఉగాది దాటినది. వారు మెత్తబడిరి. మావారు బడినుండి వచ్చి రాత్రులందు తల్లి యొద్ద కూర్చుండి, రుష్యా దేశపు టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన "ఇవాన్ ఇల్యీచ్ మరణము" అను చిన్న నవలను ఆంగ్లమున చూచుచు తెలుగున చెప్పసాగిరి. అట్టి కథ నేల యెన్నుకొంటిరని మేము పిదప నడుగగా, "ఏమో, నాకే వినాలనిపించింది" అనిరి. ఇవానను న్యాయాధికారి క్రొత్త యింటికి తెరలు కట్టించుచు నిచ్చెనమీదనుండి జారి ప్రక్కను దెబ్బ తగిలించుకొనును. నొప్పి ముదురును. వైద్యులు ఇది మూత్రపిండమా, ఆంత్రమా యని తర్కించుకొందురు గాని, బ్రతుకుదునా యని యతడడిగినదానికి జవాబు చెప్పరు. ఇంతవరకు మావారు చక్కగా చెప్పిరి. అటుపిమ్మట తడబడి, గెరాసిమను పల్లెటూరి నౌకరు రాత్రియంతయు రోగి కాళ్ళను తన భుజములమీద నెత్తిపట్టుకొని కూర్చుండునని చెప్పసాగిరి.

అత్తగారు చేయెత్తి యాపిరి. "అబ్బాయ్! నీ పెళ్ళాం కాగితాలు మింగితే, నువ్వు మాటలు మింగుతున్నావు. మధ్యలో ఏదో ఉంది. చెప్పు."

మావారు మాటలాడలేదు.

"ఇంట్లోవాళ్ళంతా అతనికి అబద్ధం చెపుతున్నారు కదూ? ఏం లేదు, తగ్గిపోతుంది అని. ఆ నౌకరు కుర్రాడొక్కడే చెప్పటంలేదు. అంతేనా?"

కథలో నున్నదదియే. చావుకంటె నెక్కువగా అతనిని బాధించినది ఆ యబద్ధమే. మావారు తలవంచుకొని, "అంతేనమ్మా" అనిరి.

"మీరు నాకు చెప్పినట్టే" అనిరి అత్తగారు. కొంతసేపటికి, "గుంటూరు నుంచి వచ్చిన్నాడే తెలుసులేరా. పుండుకైతే మీ చెల్లెలు బెంగుళూరు నుంచి అంత పరుగున వస్తుందా? ఎన్నాళ్ళన్నాడు డాక్టరు?" అనిరి. మావారు చెప్పిరి. నలువదియేండ్లు దాటిన మనుష్యుడు తల్లి ప్రక్కను పసివానివలె నేడ్చుట మేమదే చూచుట. అత్తగారేడ్వలేదు. "ముందే చెపితే బాగుండేది. రెండు నెలలు పోయినయ్యి" అని మాత్రమనిరి. ఆ రెండు మాసముల మాట మాకింకను ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

ప్రతి రోగికిని తీర్పు చదివినట్లు నిజము చెప్పవలెనని మేము వాదించుటలేదు. విన నొల్లనివారు కలరు. మా మేనత్త యొకామె తన రోగము పేరు తన యెదుట నుచ్చరింపవలదని చేతులు పట్టుకొని కోరెను; అట్లే జరిగెను. విననెంచినవారు ఎట్లు అడుగుదురన్నదే చిక్కు. ఎదుటి మనిషి మొగము చూచి, "నేను చస్తానా?" యని యడుగుట యెంతటివారికిని కష్టము. కథలోని మనిషిని గూర్చి యడుగుట సులభము. మా యాడుబిడ్డకు మేము చెప్పవలసిన బదులులో రెండవ భాగ మిది.

మరునాటి యుదయముననే అత్తగారు తమ చెల్లెలికి ఫోను చేయింపుమనిరి. మేము తెల్లబోతిమి. అక్కచెల్లెండ్రకు పందొమ్మిదేండ్లుగా మాటలు లేవు. వారి తల్లి నానుతాడు చెల్లెలు తీసికొనినదని తగవు, మేము కాపురమునకు వచ్చునాటికే పాతబడినది. పిన్నత్తగారు అద్దంకి ప్రక్కనుండి బస్సులో వచ్చిరి. చేతిలో సున్నుండల డబ్బా. రోగికి నీళ్ళు కూడ నిలుచుటలేదని వారికెవరు చెప్పిరి గనుక! ఇద్దరును చాలసేపు మాటలాడలేదు. ఆ పిదప అత్తగారు, "అమ్మ మంచాన పడ్డప్పుడు పదకొండు నెలలు నువ్వే చేశావు. నేను చివర్లో వచ్చి ఏడ్చి పోయాను. ఆ తాడు నీకే రావాల. ఊళ్ళో అందరికీ నువ్వు కాజేశావని చెప్పాను" అనిరి. పిన్నత్తగారు, "తాడు సంగతి ఎందుకిప్పుడు" అనుచు డబ్బా మూత తీయుటయు, పెట్టుటయు చేయుచుండిరి.

అప్పుడు గాని మాకు తెలియలేదు. పూటకూళ్ళ యిల్లు నడిపిన యామె పేరేమి, బండివాని పేరేమి యని యిన్నాళ్ళుగా వారడుగుచు వచ్చినది యెవరినిగూర్చియో! మేము పుస్తకములు చదివితిమి. ఆ పుస్తకముల వెనుక వారు తమ చెల్లెలిని చూచుచుండిరి.

పిన్నత్తగారు పదునారు దినములు మాయింట నుండిరి. ఆ దినములలో మేము చదివినవి స్త్రీలు వ్రాసినవి. మన సీమలో నట్టివారికి కొరత లేదు. బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు "గృహలక్ష్మి" పత్రికలో "శారద లేఖలు" ఏండ్ల తరబడి వ్రాసిరి; ఆ పత్రికను 1928లో స్థాపించిన డాక్టరు కేసరిగారు ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్ళూరు బాలుడే, తన "చిన్ననాటి ముచ్చట్లు" వ్రాసికొన్నవాడే. గుంటూరు జిల్లా పోతర్లంకలో పుట్టిన మల్లాది సుబ్బమ్మగారు పెండ్లియైన తరువాత పరీక్షలకు కూర్చుండి చదివినవారు. వారి యాత్మకథ "పాతివ్రత్యం నుంచి ఫెమినిజం దాకా". మా అక్కచెల్లెండ్ర మనసునకు పట్టినది మాత్రము కొండపల్లి కోటేశ్వరమ్మగారి "నిర్జన వారధి". తొంబదియేండ్లు దాటిన పిమ్మట వ్రాయగా 2012లో వెలువడినది. బాలవితంతువు, పునర్వివాహము, ఉద్యమము, అజ్ఞాతవాసము, భర్త విడిచిపోవుట, ముప్పదియైదేండ్లు దాటిన వయసున హైదరాబాదు ఆంధ్రమహిళాసభలో చేరి మెట్రిక్కు చదువుట, కాకినాడలో విద్యార్థినుల వసతిగృహమున మేట్రనుగా బ్రతుకుట. కొడుకును పోగొట్టుకొనెను. అల్లుడు వడదెబ్బతో పోగా, వైద్యురాలైన కూతురు ఆ దుఃఖమున ప్రాణము తీసికొనెను. ఆమె మాత్రము నూరేండ్లు నిండించి 2018లో విశాఖపట్టణమున కన్ను మూసెను. ఇంత దుఃఖమును గొంతెత్తక, ఎవరిని శపింపక చెప్పిన పుస్తకము మరియొకటి మేము చదువలేదు. వడదెబ్బ మాట రాగానే పిన్నత్తగారు, మా కల్లములలో తొడిమలు తీయు కూలి స్త్రీలను కిటికీలోనుండి చూచి, "పొద్దెక్కింది, వాళ్ళని నీడకి రమ్మను" అనిరి. మేము పోయి పిలిచి, మజ్జిగ యిచ్చి వచ్చితిమి.

అమెరికాలో పాల్ కలానిధి యను భారత సంతతి శస్త్రవైద్యుడు, ఊపిరితిత్తుల క్యాన్సరు సోకగా, తన కథను తానే వ్రాయుచు 2015లో ముప్పదియేడవయేట మరణించెను. మరుసటి యేట వెలువడిన ఆ పుస్తకమున కడపటి పుటలను ఆయన భార్య లూసీ వ్రాసెను. మావారీ సంగతి చెప్పగా అత్తగారు, "అదీ పద్ధతి. మంచమ్మీద ఉన్నోళ్ళు సగం రాయాల, పక్కన కూర్చున్నోళ్ళు సగం రాయాల" అనిరి. అని మావైపు తిరిగి, "బడి నోటుబుక్కొకటి తీసుకురా" అనిరి. రేచీకటితో మొదలై కడకు చూపు కోల్పోయిన చిలకమర్తివారు తమ స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిన సంగతి మేమంతకుముందే వారికి చెప్పియుంటిమి. కావున చెప్పువారు వారు, వ్రాయువారము మేము.

వారు తమ కథ చెప్పలేదు. ఈ యింట రోగులకు చేసినవారి కథ చెప్పిరి. పదునారవయేట తాము కాపురమునకు వచ్చుసరికి అత్తగారికి పక్షవాతము. రెండు సంవత్సరములు తెల్లవారుజామున, ఎవరును చూడకముందే చెరువులో పక్కబట్టలుదికిన సంగతి. అప్పుడు తోడు వచ్చిన చాకలి యామె పేరు. మామగారి చివరి మాసమున రాత్రులు మేలుకొన్న పాలేరు పేరు. తల్లికి పదునొకండు నెలలు చేసిన చెల్లెలి పేరు, ఏ తిథిన నెవరెవరు వచ్చిరో ఆ వివరములతో. ఆ పేర్లు ఇచ్చట వ్రాయుటకు మాకు వారనుమతి యీయలేదు. నోటుపుస్తకమున నున్నవి. పిన్నత్తగారు ప్రక్కను కూర్చుండి తప్పులు దిద్దుచుండిరి. "అది ఆషాఢం కాదక్కా, శ్రావణం" అనువారు. మేము కొట్టివేసి మరల వ్రాయువారము. కొన్ని తావులలో ఇద్దరికిని సరిపడక, రెండు విధములును వ్రాసియున్నాము.

సోదరీమణులు తమ యిండ్లలో నట్లు చదువదలచినచో అనుభవముచేత తెలిసిన రెండు మూడు మాటలు చెప్పెదము. ఒకమారు అరగంటకు మించి చదువరాదు. నొప్పిమాత్ర వేసిన ముప్పావుగంటకు వారికి వినుటకు అనువుగా నుండును. పుస్తకము వారినే యెన్నుకొననీయవలెను. వలదనినచో మూసివేసి, మరల నెందుకని యడుగరాదు. కాగితములు మ్రింగవలదు. చదువువారికి కన్నీరు వచ్చిన దాచుకొననక్కరలేదు. కాని వారిని మనము ఓదార్చవలసినదిపోయి వారు మనలను ఓదార్చవలసివచ్చునంతగా నేడ్వకూడదు. మేమొకమారట్లేడ్చి, అత్తగారిచేత మంచినీళ్ళు త్రాగించుకొంటిమి.

మా యాడుబిడ్డ వైశాఖమున మరల వచ్చి, ఒక మధ్యాహ్నము తానే కలము పట్టి నాలుగు పుటలు వ్రాసెను. ఆమె దస్తూరి మాకంటె బాగుండును. ఆ నోటుపుస్తకమున నలువదిమూడవ పుట సగమువరకే యున్నది. ఆనాడు మేము వ్రాయుచుండగా మబ్బు క్రమ్మి, చినుకులు మొదలైనవి. కల్లములో మిరపకాయలు పరచియున్నవి; గోతాములకెత్తుటకు ఇంక రెండు దినములు పట్టును. "కాయలు తడుస్తాయి, పరుగెత్తండి" అని మంచముమీదనుండి అత్తగారే కేక వేసిరి. మేము, పిన్నత్తగారు, ఆడుబిడ్డ పట్టాలు తీసికొని పరుగెత్తితిమి. కప్పి, రాళ్ళుంచి, తడిసి తిరిగి వచ్చునప్పటికి వారు నిద్రించుచుండిరి. మరునాటినుండి మాట స్పష్టముగా రాలేదు. జ్యేష్ఠ శుద్ధములో పోయిరి.

ఆ పుటలో సగమైన వాక్యమును పూర్తి చేయగలనని పిన్నత్తగారు చెప్పుచున్నారు. తొలకరి పనులు తీరగానే వచ్చెదమని ఫోను చేసిరి.